రోలర్ లాగినోడికి బ్యాట్ ఎందుకు రాలేదు? – పాల్వంకర్ బాలూ తొలి రోజులు

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు నీళ్లు వెనక్కి పోయిన కాలంలో శిఖం భూమి మీద పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా చూసిందే. ఓ ఎండాకాలం సాయంత్రం నేను కట్ట మీద కూచొని ఆ ఆట చూస్తున్న. మాదిగవాడ పిలగాడొకడు ఎడమ చేత్తో బంతి వేస్తున్నడు. గంటన్నర చూసిన. వేస్తనే ఉన్నడు. వాని బంతికి ముగ్గురు ఔటయిన్రు. వాని వంతు మాత్రం రాలేదు. ఆట అయిపోయినంక దగ్గరికి పిలిచి, "నీకు బ్యాటింగ్ ఎప్పుడొస్తది తమ్మీ?" అని అడిగిన. "బ్యాట్ ఆళ్లది సార్, నేను బౌలర్ని" అన్నడు. అందులో ఫిర్యాదు ఏమీ లేదు. మీ నాయిన ఏం పని చేస్తడంటే చెప్పినట్టే చెప్పిండు.

ఆ మాట నన్ను నూట ముప్పై ఏళ్ల కిందటి పూనాకు తీసుకపోయింది. అక్కడ కూడా ఒక పిలగాడు ఎడమ చేత్తో బంతులు వేశాడు. అతనికీ బ్యాట్ రాలేదు. పేరు పాల్వంకర్ బాలూ. భారత క్రికెట్‌లో మొదటి గొప్ప బౌలర్ అతనేనని ఇప్పుడు చరిత్రకారులు ఒప్పుకుంటున్నారు. ఒప్పుకోవడానికి వాళ్లకు దాదాపు వందేళ్లు పట్టింది.

భూమి, కూలి, హాస్టళ్లు, దాడులు, కేసులు ఇన్ని ఉండగా ఆటల ముచ్చట ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. అడగాల్సిందే. నా జవాబు ఇది. కులం మన శ్రమను ఎక్కడి దాకా రానిస్తుంది, ఏ గడప దగ్గర ఆపుతుంది అన్నది పొలంలో, బావి దగ్గర, బడిలో చూశాం. క్రికెట్ మైదానంలో అదే గీత ఇంకా స్పష్టంగా కనపడుతుంది. ఎందుకంటే అక్కడ బంతిని అందరూ ముట్టుకోవాల్సిందే. ముట్టుకోక తప్పని చోట అంటరానితనం ఏం చేసిందన్నది బాలూ తొలి రోజుల్లో దొరుకుతుంది.

లెక్కలో లేని ఏళ్లు

రికార్డు పుస్తకాలు చూస్తే బాలూ ఫస్ట్‌క్లాస్ క్రికెట్ 1906లో మొదలవుతుంది. 33 మ్యాచ్‌లు, 179 వికెట్లు, వికెట్‌కు సగటున 15 పరుగుల చిల్లర. ఏ కాలంలోనైనా ఇవి గొప్ప అంకెలే. కానీ 1906 నాటికి అతనికి ముప్పై ఏళ్లు నిండాయి. అంతకు ముందు పదిహేనేళ్ల పాటు అతను వేసిన వేల బంతులు ఏ స్కోరు పుస్తకంలోనూ లేవు. వాటికి ఆట అనే పేరు లేదు, పని అనే పేరే ఉంది. దళితుడి తొలి జీవితం రాయబోతే ఎప్పుడూ వచ్చే చిక్కే ఇది. అతను నేర్చుకున్న కాలమంతా కూలి లెక్కల్లోకి పోతుంది. మెప్పు మొదలైనప్పటి నుంచే చరిత్ర మొదలవుతుంది.

ఈ ముందు కాలం గురించి మనకు ఎంతో కొంత తెలిసిందంటే దానికి రెండు ఆధారాలు. బాలూ తమ్ముడు విఠల్ కూడా పెద్ద ఆటగాడే. ఆయన 1948లో మరాఠీలో తన ఆట జీవితాన్ని పుస్తకంగా రాసుకున్నాడు. దాన్నీ పాత పత్రికలనూ తిరగేసి రామచంద్ర గుహ 2002లో భారత క్రికెట్ సామాజిక చరిత్ర రాశాడు. ఇంటివాడు తన భాషలో రాసిపెట్టకపోతే చరిత్రకారుడికి దొరికేది తక్కువే. ఇది మనం గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

పూనా: 3 రూపాయల జీతం

పాల్వంకర్ల ఊరు కొంకణంలో, రత్నగిరి వైపు ఉన్న పాల్వన్. ఊరి పేరే ఇంటిపేరయింది. కులం చమార్, అంటే తోలు పని కులం. మన దగ్గర మాదిగల లాగ అనుకోవచ్చు. బాలూ 1875లో పుట్టాడని కొందరు, 1876లో అని కొందరు రాశారు. పుట్టింది మాత్రం ధార్వాడలో. తండ్రి సైన్యం కింద చిన్న కొలువు చేసేవాడు. ఆ కొలువుతోనే కుటుంబం పూనా చేరింది.

కంటోన్మెంటు అనేది మన చరిత్రలో ఒక విచిత్రమైన చోటు. ఊళ్లో దొరకని జీతం, కొంచెం చదువు, కొంచెం గౌరవం అక్కడ దొరికేవి. బాబాసాహెబ్ అంబేద్కర్ తండ్రి రాంజీ సుబేదార్ మేజర్‌గా పనిచేశారు. బాబాసాహెబ్ పుట్టింది కూడా మౌ కంటోన్మెంటులోనే, 1891లో. సికింద్రాబాద్ కంటోన్మెంటు మన మాల మాదిగల్లో కొందరికి ఊరి వెట్టి నుంచి బయటపడే దారి చూపినట్టే, పూనా కంటోన్మెంటు పాల్వంకర్ల పిల్లలకు ఆ దారి చూపింది. దొరల అధికారులు ఆడి పారేసిన బ్యాట్లు, బంతులతో బాలూ, తమ్ముడు శివరాం ఆట నేర్చుకున్నారు.

ఇంట్లో డబ్బు అవసరం పడి బాలూ చదువు మానేశాడు. మొదటి పని పూనాలో పార్సీలు నడిపే ఒక క్రికెట్ క్లబ్బులో. పిచ్ ఊడ్చాలి, రోలర్ లాగాలి, అప్పుడప్పుడు సభ్యులకు బంతులు వెయ్యాలి. నెలకు 3 రూపాయలు. 1892 ప్రాంతంలో అక్కడి నుంచి తెల్లవాళ్ల పూనా క్లబ్బుకు మారాడు. అక్కడ 4 రూపాయలు. రూపాయి పెరిగింది, పనీ పెరిగింది. పిచ్ చదును చెయ్యడం, సున్నంతో గీతలు గియ్యడం, నెట్లు కట్టడం, టెన్నిస్ కోర్టులు చూసుకోవడం అన్నీ అతనే.

మన తెలంగాణ చెరువుల కింద నీరటి పని ఎట్లుంటదో చెరువు కింది ఊళ్లవాళ్లకు ఎరుకే. తూము ఎత్తేది, దించేది, ఏ పొలానికి ఎన్ని నీళ్లు పోవాలో చూసేది నీరటి. చాలా ఊళ్లలో అతను దళితుడే. అతని చెయ్యి పడకుంటే మడి తడవదు. అయినా పెద్దకులాల బావి దగ్గర అతను దూరంగా నిలబడాల్సిందే. బాలూ పనీ అట్లాంటిదే. మైదానం అతను సిద్ధం చెయ్యాలి. ఆడేది వేరేవాళ్లు.

ఒక్కో ఔట్‌కు 8 అణాలు

పూనా క్లబ్బు సభ్యుల్లో ట్రాస్ అనే దొర మొదట బాలూతో బంతులు వేయించి, ఈ చేతిలో ఏదో ఉందని గుర్తించాడు. తర్వాత కెప్టెన్ జె.జి. గ్రెగ్ వచ్చాడు. ఇంగ్లండులో హాంప్‌షైర్ కౌంటీకి ఆడినవాడు, ఇండియాలో ఉన్న తెల్లవాళ్లలో పేరున్న బ్యాట్స్‌మన్. జాన్ గ్లెన్నీ అనే అతని పేరు ఇక్కడి నాలుకల మీద 'జంగ్లీ' అయింది. గ్రెగ్ అందరికంటే ముందే మైదానానికి వచ్చి బాలూ బౌలింగులో సాధన చేసేవాడు. తనను ఔట్ చేసిన ప్రతిసారీ 8 అణాలు ఇస్తానన్నాడు.

లెక్క వేసుకోండి. జీతం నెలకు 4 రూపాయలు. నెలలో ఎనిమిది సార్లు గ్రెగ్‌ను ఔట్ చేస్తే జీతం రెట్టింపవుతుంది. బాలూ ఎడమచేతి స్పిన్నర్. బంతిని రెండు వైపులా తిప్పేవాడు, వేగం మార్చేవాడు, చెప్పిన చోట వేసేవాడు. తర్వాతి రోజుల్లో అతన్ని ఇంగ్లండు మహా బౌలర్ విల్‌ఫ్రెడ్ రోడ్స్‌తో పోల్చారు. ఆ గురి ఏ కోచ్ దగ్గరా నేర్చుకున్నది కాదు. పొద్దున్నే లేచి, ఖాళీ కడుపుతో, అణాల కోసం ఒక మంచి బ్యాట్స్‌మన్‌కు వేల బంతులు వేస్తే వచ్చింది. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని గ్రెగ్ ఉదారతగా రాస్తాయి. గ్రెగ్ మంచివాడే కావచ్చు. కానీ ఈ బేరంలో ఎక్కువ లాభపడింది ఎవరో కూడా చూడాలి. అర్ధరూపాయికి గ్రెగ్‌కు దొరికింది దేశంలోకెల్లా మంచి బౌలర్‌తో రోజూ సాధన.

ఇక్కడ అసలు విషయం ఒకటుంది. పూనా క్లబ్బులో బాలూ కొన్ని వందల గంటలు బౌలింగ్ చేశాడు. అన్ని ఏళ్లలో బ్యాట్ పట్టే అవకాశం ఒక్కసారి కూడా ఇవ్వలేదు. ఈ మాట బాలూ తన కొడుకుతో చెప్పుకున్నాడు. ఆ రోజుల్లో బ్యాటింగ్ దొరల పని, బౌలింగ్ చాకిరీ. ఇంగ్లండులోనూ ఈ తేడా ఉండేది. డబ్బు తీసుకొని ఆడేవాళ్లకు ఒక గది, పెద్దమనుషులకు ఇంకొక గది, మైదానంలోకి వచ్చే గేట్లు కూడా వేరు. అక్కడ ఆ విభజన 1962లో అధికారికంగా పోయింది. అక్కడిది వర్గం తేడా. ఒక గని కార్మికుడి కొడుకు బౌలింగ్ చేసి పేరు తెచ్చుకుంటే మనవడు పెద్దమనిషిగా ఆడవచ్చు. ఇక్కడ ఆ తేడా మీద కులం వచ్చి కూచుంది. చేతి నైపుణ్యం ఎంత పెరిగినా పుట్టుక మారదు. ఇబ్రహీంపట్నం పిలగాడు "నేను బౌలర్ని" అనడంలో ఉన్నది ఈ పాత చరిత్రే.

తెలుగువాళ్లు ఒక మాటన్నారు

1890ల్లో పూనా హిందువులు తమ జట్టుతో తెల్లవాళ్ల మీద గెలవాలని పట్టుదలగా ఉన్నారు. తెల్లవాళ్ల క్లబ్బులోనే, వాళ్లకు రోజూ బంతులు వేస్తూ ఒక హిందువు ఉన్నాడు. గ్రెగ్‌ను మాటిమాటికీ ఔట్ చేసేవాడు అతనే. అతన్ని జట్టులోకి తీసుకోవాలా వద్దా?

ఈ ప్రశ్న మీద హిందూ క్లబ్బు రెండుగా చీలింది. గుహ రాసిన దాని ప్రకారం, క్లబ్బులోని కొందరు తెలుగు సభ్యులు బాలూను తీసుకుందామన్నారు. మరాఠీ బ్రాహ్మణ సభ్యులు వద్దన్నారు. బాలూ చరిత్రలో తెలుగువాళ్లు కనపడే చోటు ఇదొక్కటే. ఇది చదివి మనం ఛాతీ విరుచుకోవాల్సిన పని లేదు. ఆ రోజుల్లో క్రికెట్ క్లబ్బు సభ్యులంటే కూలినాలి చేసుకునేవాళ్లు కారు. అదే కాలంలో తెలుగు ఊళ్లలో మాలపల్లె, మాదిగగూడెం ఊరి బయటే ఉన్నాయి. చేదబావి దగ్గర మనకు పైనుంచి పోసేవాళ్లు, మనం దోసిట్లో పట్టేవాళ్లం.

మరి పూనాలో వాళ్లు ఆ మాట ఎందుకనగలిగారు? నా ఊహ ఇది. పూనాలో వాళ్లు పై ఊరివాళ్లు. పేష్వాల కాలం నుంచి ఆ పట్నంలో ఎవరు ఎక్కడ నిలబడాలో తీర్పు చెప్పే అధికారం వాళ్లది కాదు. ఆ అధికారం కాపాడుకోవాల్సిన అవసరం కూడా వాళ్లకు లేదు. కులం మీద పట్టు ఎవరిదో, కులాన్ని కాపాడే పనీ వాళ్లదే. సొంత ఊళ్లో ఆ తెలుగువాళ్లే చేదబావి దగ్గర ఏం చేసి ఉండేవాళ్లో ఆలోచించండి. పరాయి ఊళ్లో అన్న న్యాయమైన మాట మంచిదే. దాన్ని సొంత ఊళ్లో కూడా అనగలిగినప్పుడే అది సంస్కారం అవుతుంది.

చివరికి తగాదా తీరింది గ్రెగ్ మాటతో. బాలూ సేవలు వదులుకుంటే హిందువులంత తెలివితక్కువవాళ్లు ఉండరన్న అర్థంలో అతను పత్రికకు చెప్పాడు. దొర నోట ఆ మాట వచ్చాక వద్దన్నవాళ్లు దిగివచ్చారు. బాలూ పూనా హిందూ జట్టులో చేరాడు. తెలుగు సభ్యుల మాట వల్ల ప్రశ్న బయటికి వచ్చింది. దొర మాట వల్ల తలుపు తెరుచుకుంది. ఇందులో బాలూను అడిగినవాళ్లు ఎవరూ లేరు.

బంతి ఒకటే, ముంత వేరు

జట్టులో చేరాక ఏమైంది? మైదానంలో అతను ముట్టుకున్న బంతినే అందరూ ముట్టుకున్నారు. మైదానం దాటగానే లెక్క మారింది. చాయ వేళకు తోటి ఆటగాళ్లు లోపల పింగాణీ కప్పుల్లో తాగేవాళ్లు. బాలూకు పెవిలియన్ బయట మట్టి ముంతలో పోసేవాళ్లు. తాగి పారెయ్యాలి. అన్నం వేరే పళ్లెంలో, వేరే బల్ల మీద. మొహం కడుక్కోవాలంటే క్లబ్బులో పనిచేసే ఇంకొక అంటరాని మనిషి కెటిల్‌తో నీళ్లు తెచ్చి ఒక మూలకు పోయి పొయ్యాలి.

మన ఊళ్ల హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. కానీ ఒక్క సంగతి మీద ఆగుదాం. ఆ బంతి దేనితో చేశారు? తోలుతో. చచ్చిన పశువును మోసిన చేతులు, లందలో తోలు నానబెట్టిన చేతులు, దాన్ని కోసి కుట్టిన చేతులు అంటరాని చేతులే. ఈనాటికీ మీరట్ వంటి చోట్ల క్రికెట్ బంతులు కుట్టే పనివాళ్లలో ఎక్కువమంది దళితులే. ఆ తోలు బంతిని బ్రాహ్మణ ఆటగాడు ప్యాంటుకు రుద్ది మెరుగు పెడతాడు, క్యాచ్ పట్టి ఛాతీకి హత్తుకుంటాడు. అప్పుడు మైల లేదు. చాయ కప్పు దగ్గర మైల వచ్చింది. మైల అనేది వస్తువులో ఉండదని దీంతోనే తెలుస్తుంది. అవసరం ఉన్నచోట దాన్ని మరిచిపోతారు, అవసరం తీరినచోట గుర్తు చేసుకుంటారు. బాలూ బంతి వాళ్లకు గెలుపు కోసం కావాలి. అతను పక్కన కూచొని చాయ తాగడం వాళ్లకు దేనికీ అక్కరలేదు.

సతారాలో 7 వికెట్లు

బాలూతో పూనా హిందువులు గెలవడం మొదలుపెట్టారు. ఒకసారి సతారా పోయి అక్కడి తెల్లవాళ్ల జింఖానాతో ఆడారు. బాలూ సంగతి ముందే విన్న జింఖానావాళ్లు బంతి తిరగకుండా చెయ్యాలని వారం రోజుల పాటు పిచ్ మీద రోలర్ లాగించారు. అయినా బాలూ 7 వికెట్లు తీశాడు. పూనావాళ్లు సులువుగా గెలిచారు. రోలర్ లాగి లాగి పిచ్ గుణం నేర్చుకున్నవాడిని రోలర్‌తో ఓడించాలనుకోవడం వాళ్ల పొరపాటు.

ఆ గెలుపు తర్వాత పూనాలో సభలు జరిగాయి. మహదేవ గోవింద రనడే బాలూకు దండ వేశాడు. బాలూతో కలిసి ఆడగలిగినవాళ్లు కలిసి తినడానికి, తాగడానికి ఎందుకు వెనకాడాలని ఆటగాళ్లను అడిగాడు. తిలక్ కూడా ఒక సభలో మెచ్చుకున్నాడు. రనడే ప్రశ్న సరైనదే. కానీ ఆ ప్రశ్న పుట్టడానికి ఒక చమార్ యువకుడు ముందు తెల్లవాళ్లను ఓడించాల్సి వచ్చింది. ఓడించలేని చమార్ సంగతేమిటి? పూనా క్లబ్బులో అదే పిచ్ ఊడ్చిన మిగతా పనివాళ్ల కప్పు గురించి సభల్లో మాట్లాడినవాళ్లు లేరు. 7 వికెట్లు తీస్తే మనిషిగా గుర్తిస్తామనే పద్ధతి మనకు ఇప్పటికీ అలవాటే. ర్యాంకు వస్తే పేపర్లో ఫోటో వేస్తారు. రానివాడు హాస్టల్లో పురుగుల అన్నం తింటుంటే వార్త కాదు.

బొంబాయి, 1906

1896లో బొంబాయిలో, ఆ వెనువెంటనే పూనాలో ప్లేగు వచ్చింది. ఆ విపత్తు కాలంలోనే పాల్వంకర్లు బొంబాయి చేరారు. అక్కడ బాలూ కొన్నాళ్లు సైన్యంలో, తర్వాత రైల్వేలో పనిచేశాడు. 1894లో పెట్టిన హిందూ జింఖానా అతన్ని తీసుకోవాలనుకున్నప్పుడు అక్కడా కులం అడ్డు వచ్చింది. కెప్టెన్ కీర్తికర్ పట్టుబట్టడంతో తీసుకున్నారు. తర్వాత శివరాం కూడా వచ్చాడు.

1906 ఫిబ్రవరిలో బొంబాయిలో హిందువులకూ యూరోపియన్లకూ మ్యాచ్ జరిగింది. హిందువులు 242, 160 పరుగులు చేశారు. యూరోపియన్లు 191, 102. తేడా 109 పరుగులు. బాలూ మ్యాచ్ మొత్తంలో 8 వికెట్లు తీశాడు, అందులో రెండో ఇన్నింగ్సులో 5. శివరాం ఆ జట్టులో ఉన్నాడు. ఏడాది కిందట రష్యాను జపాన్ ఓడించింది. అప్పటికి బెంగాల్ విభజన మీద స్వదేశీ ఉద్యమం నడుస్తోంది. తెల్లవాళ్ల మీద ఈ గెలుపు ఊరూరా మోగింది.

సంస్కరణవాదుల పత్రిక 'ఇండియన్ సోషల్ రిఫార్మర్' ఈ చమార్ సోదరులను జింఖానాలో చేర్చుకోవడం వేల మంది హిందూ యువకుల మనసు మార్చిందని రాసింది. పూనాలో కలిసి ఆడటంతో ఆగింది, బొంబాయిలో కలిసి తినే దాకా వచ్చిందని దాని లెక్క. మట్టి ముంత నుంచి పింగాణీ కప్పు దాకా రావడానికి బాలూకు పదేళ్ల పైనే పట్టింది. ఒక్క మనిషికి, అదీ దేశంలోకెల్లా గొప్ప బౌలర్‌కు.

అదే ఏడాది హైదరాబాదులో

1906 మనకు ఇంకో రకంగానూ గుర్తుండాలి. ఆ ఏడాదే హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టాడు. హరికథలు, ఉపన్యాసాలతో మాల మాదిగ వాడల్లో చదువు, ఆత్మగౌరవం గురించి చెప్పించాడు. 1911లో అది మాన్యసంఘం అయింది. అదే 1911లో బాలూ పటియాలా మహారాజు కెప్టెన్‌గా ఉన్న జట్టుతో ఇంగ్లండు పోయి, అన్ని మ్యాచ్‌లలో కలిపి 114 వికెట్లు తీశాడు. జట్టు చాలా మ్యాచ్‌లు ఓడిపోయింది. బాలూ ఓడిపోలేదు. 1917లో బెజవాడ సభలో పంచములనే మాట వద్దని, మేం ఈ నేల ఆదివాసులమని, ఆది ఆంధ్రులమని మనవాళ్లు ప్రకటించుకున్నారు.

ఈ రెండు దారులను పక్కపక్కన పెట్టి చూడాలి. బాలూ ఒంటరిగా, తన ఎడమ చేతి బలంతో, వాళ్ల జట్టులోకి పోయాడు. ఎవరు ఎంత దాకా రానిస్తే అంత దాకా పోగలిగాడు. భాగ్యరెడ్డి వర్మ తనవాళ్లను కూడగట్టి, తమ పేరు తామే పెట్టుకొని నిలబడ్డాడు. మొదటి దారిలో మెప్పు త్వరగా వస్తుంది, మెప్పు ఇచ్చేవాళ్ల చేతిలోనే ఉంటుంది. రెండో దారి ఆలస్యం. కానీ దాని తాళంచెవి మన దగ్గరే ఉంటుంది. ఈ తేడా తెలిస్తేనే బాలూ తర్వాతి జీవితం అర్థమవుతుంది.

కెప్టెన్సీ దాకా, ఓట్ల పెట్టె దాకా

ఆ తర్వాతి ముచ్చట క్లుప్తంగా. ఎన్ని వికెట్లు తీసినా బాలూను హిందూ జట్టుకు కెప్టెన్ చెయ్యలేదు. 1920లో అతన్ని జట్టు నుంచే తప్పిస్తే తమ్ముళ్లు శివరాం, విఠల్ మేమూ ఆడమని తప్పుకున్నారు. పూనా కెటిల్ రోజుల నుంచి ఇక్కడి దాకా వచ్చిన కుటుంబం మొదటిసారి తనంతట తాను 'లేదు' అంది. ఆ తర్వాత ఫైనల్‌కు ముగ్గురినీ పిలవక తప్పలేదు. ఆ ఫైనల్లో అసలు కెప్టెన్ కాసేపు మైదానం విడిచినప్పుడు జట్టును నడిపింది బాలూనే. 1923లో విఠల్ కెప్టెన్ అయ్యాడు, హిందువులు గెలిచారు. అన్నకు రాని పదవి తమ్ముడికి వచ్చింది. దాని వెనక ఆ సమ్మె ఉంది.

బాబాసాహెబ్ యువకుడిగా ఉన్నప్పుడు బాలూను చూసి గర్వపడ్డారు. ఇంగ్లండు నుంచి వచ్చాక బాలూకు బొంబాయి దళితులు ఇచ్చిన సన్మానపత్రం ఆయనే రాశారని చరిత్రకారులు చెబుతారు. కానీ 1932లో ప్రత్యేక నియోజకవర్గాల ప్రశ్న వచ్చినప్పుడు బాలూ, ఎం.సి. రాజాతో పాటు గాంధీ వైపు నిలిచాడు. 1937 ఎన్నికల్లో బొంబాయిలో కాంగ్రెస్ బాలూను బాబాసాహెబ్ మీదే నిలబెట్టింది. బాబాసాహెబ్‌కు 13,245 ఓట్లు, బాలూకు 11,225. బాలూ ఓడిపోయాడు. 1955లో చనిపోయాడు.

ఈ కారణంగా బాలూను మనవాడు కాదనేవాళ్లున్నారు. తొందరపడొద్దంటాను. 3 రూపాయల జీతం నుంచి కప్పు దాకా ప్రతి మెట్టూ ఎవరో ఒక పెద్దమనిషి దయతో ఎక్కినవాడికి, అట్లా ఒక్కొక్కరి మనసు మారుతుందనే నమ్మకం రావడం వింత కాదు. ఆ నమ్మకం తప్పని బాబాసాహెబ్ చెప్పారు. ఆయన చెప్పిందే సరైనదని నేను నమ్ముతాను. అయినా బాలూను గాంధీవాదులకు ఇచ్చేసి చేతులు దులుపుకోకూడదు. అతని చేతిని ఒకసారి గెలుపు కోసం వాడుకున్నవాళ్లు, రెండోసారి మన నాయకుడి మీదికే వాడారు. వాడుకున్న పద్ధతి రెండుసార్లూ ఒకటే.

మనకు తెలిసిన పేరు, తెలియని పేరు

తెలుగువాళ్ల క్రికెట్ అంటే ఎవరైనా ముందు సి.కె. నాయుడు పేరు చెబుతారు. చెప్పాల్సిన పేరే. 1895లో నాగపూర్‌లో వకీళ్ల ఇంట్లో, తెలుగు కుటుంబంలో పుట్టాడు. 1916లో హిందువుల తరఫున యూరోపియన్ల మీద మొదటి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడాడు. మూడు బంతులు ఆపి నాలుగో బంతిని సిక్స్ కొట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1932లో భారత్ ఆడిన మొదటి టెస్టుకు కెప్టెన్. నాయుడు హిందూ జట్టులోకి వచ్చేనాటికి బాలూ ఇంకా ఆడుతూనే ఉన్నాడు. నాయుడి ప్రతిభ మీద నాకు తగాదా లేదు. అతని తొలి జీవితం బ్యాట్‌తో మొదలైంది, బాలూది చీపురుతో మొదలైంది. నాయుడు కొట్టిన మొదటి సిక్స్ పుస్తకంలో ఉంది. బాలూ గ్రెగ్‌ను మొదటిసారి ఔట్ చేసిన రోజు ఏ పుస్తకంలోనూ లేదు.

2018లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చిన ఒక వ్యాసం అప్పటి దాకా భారత్ తరఫున టెస్టులు ఆడిన 290 మంది పురుషుల్లో షెడ్యూల్డ్ కులాలవాళ్లు నలుగురేనని లెక్క చెప్పింది. జనాభాలో మన వాటా ప్రకారం నలభై పైన ఉండాలి. బాలూ కాలంలో తలుపు దగ్గర మట్టి ముంత పట్టుకొని నిలబెట్టేవాళ్లు. ఇప్పుడు ముంత లేదు. కోచింగ్ ఫీజు ఉంది, కిట్ ధర ఉంది, పట్నంలో ఇల్లు ఉండాలి, తెలిసినవాళ్లుండాలి. ఎవరూ కులం అడగరు. అడగాల్సిన అవసరం వాళ్లకు రాదు.

చదువుకునే మిత్రులకు, టీచర్లకు ఒక విన్నపం. ప్రతి ఏప్రిల్ 14కు మన ఊళ్లలో అంబేద్కర్ పేరిట క్రికెట్ టోర్నమెంట్లు జరుగుతున్నాయి. కప్పు ఎవరికి వచ్చిందో ఫ్లెక్సీ మీద ఉంటుంది, వారానికి చిరిగిపోతుంది. ఆ పోటీల స్కోరు పుస్తకాలు దాచిపెట్టండి. హాస్టల్ జట్లలో ఆడిన పాతవాళ్లను కూచోబెట్టి మాట్లాడించండి. ఎవరు పిచ్ చేశారు, ఎవరి బ్యాట్‌తో ఆడారు, ఎక్కడ ఆగిపోయారు, ఎందుకు ఆగిపోయారు, అన్నీ రాసుకోండి. విఠల్ తన భాషలో రాసుకోబట్టే అన్న కథ బతికింది.

ఈ వ్యాసం రాయకముందు ఇంకోసారి చెరువు దగ్గరికి పోయిన. ఆ పిలగాడే బంతి వేస్తున్నడు. ఈసారి మా కాలేజీ పిల్లలు ఇద్దరు ఒక బ్యాట్ పట్టుకొని నాతో వచ్చిన్రు. తలా కొంత వేసుకొని కొన్నరు. "ఇది మీ వాడది, అందరి వంతూ రావాలె" అని చెప్పి ఇచ్చిన్రు. పిలగాడు మొదటి బంతికే ఔటయిండు. నవ్వుకుంట మళ్లీ బౌలింగ్‌కు పోయిండు. వంతు వచ్చినంక ఔటవుడు వేరే సంగతి.